తుపాకీ ఉంది, కావలి లేదు

2004 ఆగస్టు 1, ఆదివారం సాయంత్రం. ఆరాధన వేళ బాగ్దాద్‌లో నాలుగు చర్చిల దగ్గర, మోసుల్‌లో ఒక చర్చి దగ్గర బాంబులు పేలాయి. పదిమందికి పైగా చనిపోయారు. వారి కుటుంబాల కోసం ప్రార్థిస్తున్న మనం ఒక ప్రశ్న కూడా అడగాలి. అప్పట్లో లక్షకు పైగా విదేశీ సైనికులున్న దేశంలో ఆరాధనకు వెళ్లినవారికి రక్షణ ఎందుకు లేకపోయింది?

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. ఆ వెంటనే ఆసుపత్రులను, కార్యాలయాలను, చివరికి జాతీయ మ్యూజియాన్ని కూడా దోచుకున్నారు. చమురు శాఖ భవనానికి మాత్రం అమెరికా సైనికులు కాపలా ఉన్నారు! ఆక్రమించిన సైన్యమే శాంతిభద్రతలు కాపాడాలని 1907 హేగ్ ఒప్పందం చెబుతోంది. బలం చూపాల్సిన సమయం అదే. అప్పుడు చూపలేదు.

మే నెలలో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. లక్షలాది మంది జీతం లేకుండా రోడ్డున పడ్డారు. వాళ్లు వీధుల్లోకి వచ్చాక గానీ భృతి ప్రకటించలేదు. ఆయుధం పట్టడం తప్ప వేరే పని తెలియని మనిషిని ఆకలితో ఇంటికి పంపడం ఏం తెలివో మాకు అర్థం కాదు.

ఇక ఫల్లూజా. 2003 ఏప్రిల్ 28న, సైనికులు మకాం వేసిన బడిని ఖాళీ చేయమంటూ జనం గుమిగూడారు. ముందు తమపైనే కాల్పులు జరిగాయని సైనికులంటారు, జనం కాదంటారు. సైనికుల తూటాలకు పదిమందికి పైగా బలయ్యారు. ఆ పట్టణం అది మరచిపోలేదు. 2004 మార్చి 31న నలుగురు అమెరికన్ కాంట్రాక్టర్లను అక్కడ ఘోరంగా చంపారు. దానికి బదులుగా పట్టణంపై దాడి మొదలుపెట్టి, వందలమంది చనిపోయాక మధ్యలో ఆపేశారు. ఆ తర్వాత అక్కడ సాయుధులదే రాజ్యమైంది. అబూ గ్రైబ్ జైలు ఫోటోలు బయటపడ్డాక సంయమనం గురించి అమెరికా చెప్పే మాట ఎవరు వింటారు?

తామేమి చేయాలని సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానును అడిగారు (లూకా 3:14). ఆయన వారిని కత్తి పారేయమనలేదు. ఎవరినీ బెదిరించి దోచుకోవద్దన్నాడు, అబద్ధపు నేరాలు మోపవద్దన్నాడు. బలం ఉన్నవాడి చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పాడు. సైన్యమే వద్దని మేమూ అనడం లేదు. ఇరాక్ నుంచి వెంటనే వెళ్లిపొమ్మని అప్పుడు అడిగి ఉంటే అక్కడి సంఘాలకు ఇంకా ప్రమాదమయ్యేది. బడి ముందు గుమిగూడిన జనం మీద చూపిన బలంలో కొంతైనా ఆసుపత్రి గుమ్మం దగ్గర, చర్చి గుమ్మం దగ్గర కాపలాకు ఎందుకు పెట్టలేదు?

2004 జూన్ 28న అధికారం ఇరాకీలకు అప్పగించామన్నారు, సైన్యం మాత్రం అక్కడే ఉండిపోయింది. మరుసటి ఆదివారం ఆరాధనకు వెళ్లాలా, సిరియా సరిహద్దు దాటాలా అని ఎన్నో క్రైస్తవ కుటుంబాలు అప్పుడు తేల్చుకోలేకపోయాయి.