ఒక్క మెయిల్ కోసం ఇన్‌బాక్స్ మొత్తమా?

యాంటీవైరస్ స్కాన్ ముగుస్తుంది. ముప్పు తొలగించామంటూ తెర మూలన పచ్చ టిక్కు పడుతుంది. కాసేపటికి మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ తెరిచి చూస్తే ఇన్‌బాక్స్ ఖాళీ! ఏళ్ల తరబడి దాచుకున్న బిల్లులు, ఒప్పందాలు, ఆడిటర్ పంపిన లెక్కలు ఒక్కటీ కనబడవు.

థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నిటినీ కలిపి ఒకే ఫైల్లో రాస్తుంది. అందులో ఎక్కడో ఒక పాడు అటాచ్‌మెంట్ దొరికితే చాలు, కొన్ని యాంటీవైరస్‌లు ఆ ఫైలు మొత్తాన్నీ క్వారంటైన్‌లో పడేస్తాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు. విడ్డూరమేమిటంటే, ఆ మెయిల్‌ను ఎప్పుడో డిలీట్ చేసేసి ఉండొచ్చు. ఫోల్డర్‌ను కంపాక్ట్ చేసేదాకా అది ఫైల్లోంచి పోదు మరి.

వైరస్‌ను పట్టుకోవడం తప్పు కాదు. మెయిల్ ఫైలని చెప్పకుండా, అడక్కుండా తీసేయడమే తప్పు. పైగా పట్టుకున్నది వైరస్సేనన్న భరోసా కూడా లేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం లాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుంది. ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ గూగుల్ క్రోమ్‌ను బ్యాంకు వివరాలు కాజేసే ట్రోజన్‌గా లెక్కగట్టింది.

ఇన్‌బాక్స్ పోయిందని గాభరాపడి క్వారంటైన్ జాబితాను ఖాళీ చేస్తే మాత్రం నిజంగానే పోతుంది. అప్పటిదాకా ఫైలు మరోచోట భద్రంగానే ఉంటుంది. ముందు థండర్‌బర్డ్ మూసేయాలి. దాని ప్రొఫైల్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చాలి, లేదంటే తెచ్చిన ఫైలును మళ్లీ ఎత్తుకుపోతుంది. ఈలోగా కొత్త మెయిల్స్‌తో ఇంకో ఇన్‌బాక్స్ ఫైలు పుట్టి ఉంటే దాని పేరు మార్చి, పాతదాన్ని రిస్టోర్ చేయాలి. పక్కనే ఉండే ఎంఎస్ఎఫ్ ఫైలు వట్టి సూచికే. తీసేస్తే థండర్‌బర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత పాడు మెయిల్‌ను వెతికి తీసేసి, ట్రాష్ ఖాళీ చేసి, కంపాక్ట్ కొట్టాలి.

ఐమ్యాప్ వాడేవారికి ఇంత తంటా లేదు, సర్వర్‌లో కాపీ ఉంటుంది. పాప్ పద్ధతిలో మెయిల్స్ దించుకుని సర్వర్‌లో తుడిచేసే వారికే అసలు గండం.

కొత్తగా వచ్చే మెయిల్స్‌ను విడివిడిగా పరీక్షించుకోనిచ్చే సెట్టింగ్ థండర్‌బర్డ్‌లో ఉంది. మెయిల్ ప్రోగ్రామ్ ఆమాత్రం చొరవ చూపినప్పుడు, ఏటా చందా వసూలు చేసే యాంటీవైరస్ కంపెనీలు ‘ఇది మీ మెయిల్స్ ఫైలు, తీసేయమంటారా?’ అని ఒక్క ప్రశ్న వేయడానికి ఏం అడ్డొస్తోంది?