రక్షణ లేని హెలికాప్టర్‌ను సరిహద్దుకు పంపొద్దు

1999 మే 28న, కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ సెక్టార్‌లోని తోలోలింగ్ శిఖరంపై దాడికి వెళ్లిన మన ఎంఐ-17 హెలికాప్టర్ ఒకటి, భుజం మీద నుంచి పేల్చిన క్షిపణికి కూలిపోయింది. స్క్వాడ్రన్ లీడర్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్లు పీవీఎన్ఆర్ ప్రసాద్, ఆర్‌కే సాహు అమరులయ్యారు. ఆ హెలికాప్టర్‌కు ఫ్లేర్లు లేవు.

ఫ్లేర్ అంటే మెగ్నీషియం కూరిన గుళిక. భుజం మీద నుంచి పేల్చే అలాంటి క్షిపణి ఇంజన్ వేడిని పట్టుకుని వెంటపడుతుంది. పైలట్ మీట నొక్కితే గుళికలు వరసగా బయటికి చిమ్మి, ఇంజన్‌ను మించిన వేడితో కొద్ది సెకన్లు భగ్గున మండుతాయి. క్షిపణి అటు మళ్లుతుంది. రాడార్ చూపుతో వచ్చే క్షిపణికి విరుగుడు చాఫ్. అల్యూమినియం పూసిన గాజు పోగులవి. ఎమ్మిగనూరు మగ్గమెక్కే నూలుపోగు కన్నా సన్నం. లక్షలుగా గాలిలో పరుచుకుని రాడార్‌కు లేని విమానాన్ని చూపిస్తాయి. తన జోధ్‌పూర్, పుణె ప్రయోగశాలలు ఈ చాఫ్‌ను రూపొందించాయని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2021లోనే ప్రకటించింది. కొరత పరిజ్ఞానానిది కాదు, తొందరది.

ఎంఐ-17లలో కొత్త రకమైన వీ5లు 2012లో వాయుసేనలో చేరాయి. వాటికి ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు అమర్చేందుకు భారత్ ఎలక్ట్రానిక్స్‌తో రూ.2,385 కోట్ల ఒప్పందం కుదిరింది 2025 ఏప్రిల్‌లో. పదమూడేళ్ల ఆలస్యాన్ని ఏ సాకూ సమర్థించలేదు. హెలికాప్టర్ కొన్ననాడే దాని రక్షణా కొనాలి.

అదే ఏప్రిల్ 13న మన కర్నూలు జిల్లాలోనే, ఓర్వకల్లు దగ్గరి పాలకొలను పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది. జిల్లాకు గర్వకారణమే. అయితే లేజర్‌తో చేయాల్సిన పని ఇంకొకటుంది. కొత్త క్షిపణులు ఫ్లేర్‌నూ ఇంజన్‌నూ వేరుచేసి గుర్తుపడుతున్నాయి. వాటి కన్ను చెదరగొట్టే లేజర్ రక్షణను ప్రధాని, రాష్ట్రపతి ప్రయాణించే రెండు బోయింగ్ 777ల కోసం అమెరికా నుంచి తెచ్చుకున్నాం. అది సబబే. జవాన్లను మోసే హెలికాప్టర్‌కూ అదే రక్షణ దక్కాలి, స్వదేశంలోనే తయారవ్వాలి.

పరికరాలతోనే సరిపోదు. 2019 ఫిబ్రవరి 27న బడ్గామ్‌లో మన క్షిపణే మన ఎంఐ-17ను కూల్చింది. ఆరుగురు వైమానికులు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. మనవారెవరో పగవారెవరో తేల్చుకునే క్రమశిక్షణ కూడా రక్షణే.

156 ప్రచండ్ హెలికాప్టర్లకు రూ.62,700 కోట్లతో ఒప్పందాలు కుదిరాయి. ఒక్కటి కూడా అరకొర రక్షణతో గాల్లోకి లేవకూడదు. పాత హెలికాప్టర్లకు పరికరాల అమరిక ఎప్పటికి పూర్తవుతుందో రక్షణ శాఖ గడువు ప్రకటించాలి. అందాకా రక్షణ లేనివాటిని క్షిపణుల ముప్పున్న చోటికి పంపకూడదు. ఎన్నింటికి అమర్చారు, ఎన్ని మిగిలాయి అని కర్నూలు ఎంపీ లోక్‌సభలో అడగాలి.