ఎవరి మెస్సీయ? ఎందుకోసం?

డిసెంబరు వస్తే నారాయణగూడ బాప్టిస్టు చర్చిలోనూ మన పేటల్లోనూ ఒకటే పాట: రక్షకుడు పుట్టాడని. చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూసే మన పిల్లలకూ ఎవరో వచ్చి గట్టెక్కిస్తారనే ఆశ. అందుకే అడుగుతున్నాం: ఆనాటి యూదులు ఎదురుచూసింది ఎవరి కోసం?

అందరూ ఒక్కడి కోసమే చూడలేదు. దావీదు వంశపు రాజొచ్చి రోమును తరిమేస్తాడని కొందరు. మోషే లాంటి ప్రవక్త వస్తాడని కొందరు. కుమ్రాన్ గుహల్లో 1947 నుంచి దొరికిన రాతచుట్టల్లోనైతే మెస్సీయలు ఇద్దరు: ఒకరు యాజకుడు, ఒకరు రాజు. మరి ఆలయ పెద్దలో? యేసు కాలంలో ప్రధాన యాజకుణ్ణి పెట్టేదీ తీసేదీ రోము అధికారే. అట్లాంటి కుర్చీలో కూచున్నోడికి రక్షకుడంటే ఆశ కాదు, గుబులు.

క్రీ.శ. 132లో తిరగబడ్డ బార్ కొఖ్బానే మెస్సీయ అని రబ్బీ అకీవా నమ్మాడు. 135కల్లా రోము ఆ తిరుగుబాటును నెత్తుట ముంచింది.

మేం ఎవరి విశ్వాసాన్నీ తప్పుపట్టడం లేదు. ఎవరి గోస ఎట్లాంటిదో వాళ్ల మెస్సీయ అట్లాంటోడు. మాల వాడకొక నాయకుడు, మాదిగ వాడకొక నాయకుడు అని మనమూ విడివిడిగా చూస్తున్నాం. రాజకీయాల్లో భక్తి పతనానికే దారి అని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు.

అన్నలారా, అక్కలారా! వచ్చేది ఎవరని కాదు, భూమికీ కూలికీ చదువుకీ ఏం తెస్తున్నాడని అడగండి. అడిగేటప్పుడు రెండు వాడలూ కలిసి అడగండి.