కాపడం పెట్టారు సరే, తర్వాత లేచారా?

"అమ్మా, ఇంక నువ్వు పొలం వెళ్లొద్దు, హాయిగా కూర్చో" అని కొడుకులు ప్రేమతోనే అంటారు. ముప్పై నలభై ఏళ్లు మిరప కోతలకూ, పత్తి తీతలకూ వెళ్లిన మనిషి ఒక్కసారిగా మంచానికీ టీవీకీ పరిమితమవుతుంది. ఏడాది తిరక్కుండానే నడుం పట్టేసింది, మోకాళ్లు బిగిశాయి అంటూ ఆసుపత్రికి వస్తుంది. నరసరావుపేట బట్టల కొట్లలో గల్లాపెట్టె దగ్గర పొద్దంతా కూర్చునేవారిదీ ఇదే బాధ.

అందరూ చెప్పేది ఒకటే. "కాపడం పెడుతూనే ఉన్నామండీ. పెట్టినంతసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే." (రెంటచింతల ఎండలు చాలవా, ఇంకా కాపడం ఎందుకని నవ్వేవారూ ఉన్నారు!)

కాపడాన్ని నేను తక్కువ చేయను. ఉప్పు మూటైనా, వావిలాకు కాచిన నీళ్లలో ముంచిన గుడ్డైనా, వేడినీళ్ల సంచైనా చేసే పని ఒకటే. వేడికి అక్కడి రక్తనాళాలు విప్పారి రక్తం బాగా పారుతుంది, బిగిసిన కండరం సడలుతుంది. కొత్తగా వచ్చిన నడుం నొప్పిని వేడి కొద్దికాలం, కొంతమేర తగ్గిస్తుందనీ, వ్యాయామం తోడైతే ఇంకా మేలనీ 2006లో కోక్రేన్ వైద్య సమీక్ష కూడా చెప్పింది. గమనించారా, కొద్దికాలమే! వాడని కండరం బలం కోల్పోతుంది. కీలు కదిలితేనే దానిలోని జిగురు నీరు అంతటా అందుతుంది. ఆ పని ఏ వేడినీళ్ల సంచీ చేయలేదు. అందుకే నేను చెప్పేది, కాపడం పదిహేను ఇరవై నిమిషాలు చాలు. ఒళ్లు సడలిన ఆ వేళలోనే మోకాలు చాపి ముడవండి, నడుం మెల్లగా వంచండి, వాకిట్లో నాలుగు చుట్లు నడవండి. కాపడం పెట్టుకుని అలాగే నిద్రపోతే సగం మందు పారబోసినట్లే.

షుగరు ఉన్నవారు మాత్రం జాగ్రత్త. చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి ఎంతో తెలియదు. తెల్లారేసరికి బొబ్బ, ఆపై మానని పుండు. ఆ కాలికి కాపడం వద్దు, ఇటుక కాల్చి పెట్టడం అసలే వద్దు. కొత్తగా బెణికి వాచిన చోట కూడా మొదటి రెండు రోజులు వేడి పెట్టకండి. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా కాలయాపన చేయక వెంటనే డాక్టరుకు చూపించండి.

కొడుకులకూ కోడళ్లకూ ఒక మాట. అమ్మను పొలం పంపవద్దు, సరే. సాయంత్రం చల్లబడ్డాక చర్చికి బండి మీద కాక నడిపించి తీసుకెళ్లండి. మొక్కలకు నీళ్లు పోసే చెంబు ఆమె చేతిలోంచి లాక్కోకండి.