శాంతి కథలో పోడు చేను

పిల్లలకు శాంతిని బోధించే పుస్తకాలు చాలావరకు కలిసిమెలిసి ఉండమని చెప్పి ఊరుకుంటాయి. గొడవ ఎందుకొచ్చిందో చెప్పవు. తెలంగాణలోని అశ్వారావుపేట చుట్టుపక్కల కోయ పిల్లలకు ఆ కారణం తెలుసు. అడవి కొట్టి సాగుచేసుకునే పోడు భూమి తగాదా వాళ్ల ఇళ్లలో వినిపించే మాటే. గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా 1970లో వచ్చిన 1/70 చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వాళ్ల తాతతండ్రుల చేల గురించినవే. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో పొరుగునున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇంత జరిగిన నేల మీద న్యాయం ఊసెత్తని శాంతి కథ అతకదు.

పసి మనసులకు ఇంత బరువెందుకని పెద్దలు అడుగుతారు. ఆ ప్రేమను కాదనలేం. కానీ ఆ బరువును పిల్లలు ఇప్పటికే మోస్తున్నారు, దాన్ని చెప్పుకునే మాటలే వాళ్లకు దొరకడం లేదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ పూనికతో 2008లో వచ్చిన పిల్లల కథల వరుస ఆ మాటలిచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు కథల్లో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు తమ వంటలతో, తమ తెలివితో, తమ పంతాలతో కనిపిస్తారు. ఇలాంటివి ద్వేషం రేపుతాయనేవారు ముందు వాటిని చదవాలి. పక్కింటి బిడ్డ పడిన అవమానం తెలిసిన పిల్లవాడు ఆ బిడ్డను వెక్కిరించడానికి జంకుతాడు. శాంతికి అంతకన్నా గట్టి పునాది మాకు కనిపించలేదు.

ఆశ్రమ పాఠశాలల టీచర్లకు ఒక విన్నపం. మీ పిల్లలు చెప్పే కథలను, కోయ మాటల్లోనే అయినా సరే, తెలుగు లిపిలో రాయించి మాకు పంపండి.