అమ్మమ్మకు నేర్పాలా, ఫోనుకు నేర్పాలా?

పిల్లలూ! ఇండియా నుంచి అమ్మమ్మో తాతయ్యో వస్తే మీకు ఒక కొత్త ఉద్యోగం వస్తుంది కదూ? "కన్నా, ఈ టీవీ ఎలా పెట్టాలి? ఈ ఫోన్లో ఏది నొక్కాలి?" అని రోజూ పిలుస్తారు. "అమ్మమ్మకి ఏమీ రాదు" అని మీరు నవ్వుతారు. నేను అలా అనుకోను. ఇంత సంసారం నడిపిన మనిషికి ఒక వస్తువు వాడడం రాలేదంటే, తప్పు దాన్ని తయారుచేసినవాళ్ళది.

సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్యామ్ గొల్లకోట అనే ప్రొఫెసర్ ఉన్నారు. చెవి జబ్బు చేసినప్పుడు కొందరు పిల్లలకు కర్ణభేరి వెనక నీరులాంటి ద్రవం చేరుతుంది. దాన్ని ఇంట్లోనే కనిపెట్టే దారిని ఆయన బృందం 2019లో చూపించింది. కొత్త యంత్రం ఏమీ లేదు. పల్లీల పొట్లంలా కాగితం చుట్టి, మామూలు ఫోనుకు తగిలించి, చెవి దగ్గర పెట్టాలి. ఫోను పిట్టలా కిచకిచమంటుంది. తిరిగి వచ్చిన శబ్దాన్ని దాని మైకు వింటుంది.

ఇందులో కిటుకు మీరూ చూడొచ్చు. ఖాళీ గాజు గ్లాసును చెంచాతో మెల్లగా తట్టండి. నీళ్ళు పోసి మళ్ళీ తట్టండి. శబ్దం మారింది కదా? చెవిలో కూడా అంతే! 53 మంది పిల్లల మీద పరీక్షిస్తే, ద్రవాన్ని నూటికి 85 వంతులు సరిగ్గా పట్టుకుంది. అయినా మందు ఇవ్వాల్సింది డాక్టరే.

2024లో ఆయన బృందమే ఇంకో రకం హెడ్‌ఫోన్లు చూపించింది. చుట్టూ గోలగా ఉన్నా సరే, బటన్ నొక్కి, మీకు కావలసిన మనిషి వైపు 3 నుంచి 5 సెకన్లు చూస్తే చాలు. ఆ తర్వాత మీరు తల తిప్పుకున్నా ఆ గొంతే వినిపిస్తుంది.

కాగితం చుట్టడం, మనిషి వైపు చూడడం అమ్మమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఇవి నాకు నచ్చాయి.

"పెద్దవాళ్ళు కూడా కొంచెం నేర్చుకోవాలి" అంటారు కొందరు. నేర్చుకుంటారు! వీడియో కాల్ నేర్చుకున్నది మీ ముఖం చూడడానికే కదా. కానీ వణికే వేలికి చిన్న బటన్ ఇచ్చి, తెలుగే వచ్చిన మనిషికి ఇంగ్లీషులో సూచనలు ఇచ్చి, "నేర్చుకో" అంటే న్యాయమేనా?

మీలో కొందరు రేపు ఇలాంటి వస్తువులు తయారుచేస్తారు. అప్పుడు ముందుగా మీ అమ్మమ్మ చేతికి ఇచ్చి చూడండి.

మీ పని: ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ళు ఫోను వాడుతుంటే పక్కన కూర్చోండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారు? మీరైతే ఏం మారుస్తారు? ఐదు వాక్యాలు రాయండి.