అమ్మానాన్నలూ, మీరూ ఒక భాష మొదలుపెట్టండి

"టీచర్, మావాడికి ఫ్రెంచ్ మంచిదా, స్పానిష్ మంచిదా?" పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినే ప్రశ్న ఇది. ఏదైనా మంచిదే. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుందని నా అభిప్రాయం. మీరు ఒక భాష మొదలుపెట్టండి. పిల్లలు చూస్తుండగా, ఇంట్లోనే.

"ఈ వయసులో మాకెందుకండీ?" అంటారని తెలుసు. ఉచ్చారణ విషయంలో వయసు కొంత అడ్డమే. చిన్నపిల్లల నాలుక తిరిగినట్టు మన నాలుక తిరగదు. కానీ వాక్యం ఎలా కట్టాలో పట్టుకోవడంలో మొదట్లో పెద్దవాళ్లే ముందుంటారు. పైగా మనలో చాలామందికి తెలుగుతో పాటు హిందీయో ఇంగ్లీషో అప్పటికే కొంత వచ్చు.

నేను ఏడాదిగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. అది దాదాపు 20 దేశాల్లో అధికార భాష. అమెరికాలో ఇంగ్లీషు తర్వాత ఎక్కువమంది మాట్లాడేదీ అదే. సీతమ్మధారలో అమెరికాలో ఎవరో ఒకరు ఉన్న కుటుంబాలకు కొదవ లేదు కాబట్టి, ఆ భాష మనకు మరీ పరాయిదేమీ కాదు. విచిత్రమేమిటంటే, ఇంగ్లీషు మీదుగా వెళ్తే కష్టంగా తోచేవి తెలుగు మీదుగా తేలికయ్యాయి. "మే గుస్తా ఎల్ కఫే" అంటే "నాకు కాఫీ నచ్చుతుంది" అని. మనలాగే వాళ్లూ "నాకు" అంటారు. మన నువ్వు, మీరు లాగే వాళ్లకు తూ, ఉస్తెద్ ఉన్నాయి. మనం "వెళ్తున్నాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. వాళ్లకూ అంతే.

ఇంతవరకూ యాప్ నేర్పింది. ఆ తర్వాత మనిషి కావలసి వచ్చింది. ఇప్పుడు ఆదివారం ఉదయం ఏడున్నరకు, అక్కడ శనివారం రాత్రి ఎనిమిదికి, మెక్సికోలో ఉండే ఒక టీచరుతో వీడియోలో మాట్లాడతాను. అరగంట స్పానిష్, అరగంట ఇంగ్లీషు. ఆవిడకు ఇంగ్లీషు కావాలి, నాకు స్పానిష్ కావాలి. ఫీజు లేదు. ఎదుటివారి మాట వినపడకపోతే "కోమో" అనాలని నా పుస్తకంలో ఉంది. ఆవిడ మాత్రం "మాందె" అంటారు. "ఆజ్ఞాపించండి" అని దాని అసలు అర్థం. మన పెద్దవాళ్లు "చిత్తం, సెలవియ్యండి" అన్నట్టన్నమాట. మెక్సికోలో ఇది ఇంట్లో పిల్లలకు నేర్పే మర్యాద. అలాగే "పెరో"లో రకారం తేలిగ్గా పలికితే "కానీ" అని అర్థం, గట్టిగా పలికితే "కుక్క". ఆ తేడా కాగితం మీద చూస్తే సరిపోదు, ఒకరి నోట వినాలి.

మన ఊరికి ఈ సంగతి కొత్తది కాదు. సుమారు 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన తెలుగు నేర్చుకున్నారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకాల తెలుగు మరొకటి ఎందుకైందో ఆయనకు అర్థం కాలేదు. విశాఖలో మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఆయన గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పేర్లు చెప్పారు. వ్యవహార భాష ఉద్యమం ఊపందుకోవడానికి ఆ ప్రశ్న ఒక కారణం. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్న ఒక పరాయి మనిషి సందేహం, మన పిల్లలు ఈ రోజు చదువుతున్న తెలుగు దాకా వచ్చింది.

ఆ గిడుగు వారు కూడా పెద్దయ్యాక మరో భాష నేర్చుకున్నవారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. అందుకు తగిన పుస్తకాలు లేవు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి సొంత డబ్బుతో బడులు నడిపారు. మన్యంలో తిరిగినందుకు మలేరియా వచ్చింది, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. అయినా ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఏడేళ్లు పైబడ్డాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, క్లాసులో నాకు కనిపించే సమస్య తెలివిది కాదు, భయానిది. జవాబు తెలిసిన పిల్లలు కూడా ఇంగ్లీషులో చెప్పమంటే తల దించుకుంటారు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని వాళ్ల బెంగ. "భయపడకు, మాట్లాడు" అని ఎన్నిసార్లు చెప్పినా పని జరగదు. అమ్మ తడబడుతూ మాట్లాడటం, ఎదుటివాళ్లు దిద్దటం, అమ్మ నవ్వేసి మళ్లీ అనటం కళ్లారా చూస్తే జరుగుతుంది.

స్పానిషే కానక్కర్లేదు. మనుషులు దగ్గరున్న భాష ఎంచుకోండి. ఉక్కు ఫ్యాక్టరీ, నేవీ, పోర్టు ఉన్న ఊరు మనది. పక్క ఫ్లాట్‌లోనే ఒడియావాళ్లో, బెంగాలీవాళ్లో ఉండొచ్చు. "దీన్ని మీ భాషలో ఏమంటారండీ?" అనే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. వాళ్లకూ మన తెలుగు నేర్పండి. పుస్తకంలోని "ఏమిటి"తో పాటు మన ఊళ్లో వినిపించే "ఏటి" కూడా చెప్పండి. ఇంగ్లీషే కావాలంటే అదే మొదలుపెట్టండి, మీ పిల్లల్నే దిద్దమనండి. ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లతో మాట్లాడటం మాత్రం పెద్దలకే. పిల్లల్ని ఒంటరిగా అందులో కూర్చోబెట్టకండి.

ఆరు నెలలకు మీరు ఆ భాషలో గడగడా మాట్లాడలేకపోవచ్చు. పక్కింటివాళ్లతో నాలుగు మాటలు కలుపుతారు. అది చూస్తూ పెరిగిన పిల్లలు మా క్లాసులో చెయ్యెత్తి, తప్పో ఒప్పో, ఒక వాక్యం పైకి చెబుతారు. అక్కడి నుంచి మేం చూసుకుంటాం.